బెల్టు షాపు మీద ఊరి మాట ఎందుకు చెల్లదు?



మన మద్యం పాలసీ గడువు 2026 సెప్టెంబరు దాకే. మళ్లీ కొత్తది రాసేటప్పుడు ఫీజెంత, మార్జినెంత అనే చూస్తారు. ఊరిని మాత్రం ఎవరూ అడగరు. నా బాధ అదే.

2024 అక్టోబరులో 3,396 షాపులకు లాటరీ తీశారు. అప్లికేషనుకు 2 లక్షలు, షాపు రాకపోతే ఆ డబ్బు పోయినట్టే. అయినా దాదాపు 90 వేల అప్లికేషన్లు పడ్డాయి. అంత పోసి, పైన లైసెన్సు ఫీజు కట్టినోడు రాత్రి పదింటికి షట్టరు దించి ఊరుకుంటాడా? ఊరూరికీ సరుకు దించుతాడు.

మా ఊళ్లో లైసెన్సు షాపు లేదు. బెల్టులు మాత్రం రెండు. తెల్లారి ఆరింటికే దొరుకుతుంది, క్వార్టరు మీద ముప్పై ఎక్కువ. మొన్న నాట్లప్పుడు మా పక్క చేను కౌలురైతు భార్య కమ్మలు కుదువ పెట్టి యూరియాకు డబ్బులిచ్చింది. మూడు కట్టలు రావాల్సింది, ఒకటే వచ్చింది. మిగతాది ఎటు పోయిందో చెప్పక్కర్లేదు.

నేనేం పెద్ద నియమస్థుణ్ణి కాను, పండక్కి ఓ గుక్క వేసుకునేవాణ్ణే. పూర్తి నిషేధం పెట్టమనీ అనను. 1995లో పెట్టారు, 1997లో ఎత్తేశారు. ఆ మధ్యలో నాటుసారా ఎట్లా పారిందో మన వయసోళ్లకు తెలుసు.

కానీ గిరిజన ప్రాంతాల్లో 1996 పెసా చట్టం మద్యం మీద గ్రామసభకు అధికారం ఇచ్చింది. మహారాష్ట్రలో ఊరి ఆడవాళ్లలో సగానికి పైగా వద్దని ఓటేస్తే లైసెన్సు షాపైనా మూతపడాల్సిందే. మరి దూబగుంట ఆడవాళ్లు 1992లో సారా మీద తిరగబడితే మరుసటేడు రాష్ట్రమంతా సారా నిషేధించాల్సి వచ్చింది కదా, ఆ నెల్లూరు గడ్డ మీద మనకెందుకు లేదు ఆ హక్కు?

ఇంకోటి. సీసా అసలుదో నకిలీదో స్కాన్ చేసి చూసుకోండని యాప్ ఇచ్చారు. అదే స్కాన్‌తో బెల్టులో దొరికిన సీసా ఏ షాపుదో పట్టుకోలేరా? పట్టుకుని ఆ లైసెన్సే రద్దు చేయాలి. బెల్టు నడిపే ముసలమ్మ మీద కేసు రాసి చేతులు దులుపుకుంటే ఏం లాభం?

వచ్చే గ్రామసభలో ఈ రెండూ తీర్మానంగా రాయమని అడగబోతున్నా. ఆడవాళ్లను కూడా రమ్మని మా ఇంట్లోవాళ్లు చెప్తున్నారు. మీ ఊళ్లో బెల్టులెన్ని ఉన్నాయో, అడిగే ధైర్యం ఎవరికుందో కింద రాయండి.