చూడటం సరే, ఎగరేసేదెప్పుడు?

మోడల్ రాకెట్ల పిచ్చి ఉన్నవాళ్ళని పెద్ద రాకెట్ ప్రయోగానికి తీసుకెళ్తే మొదట అనే మాట "ఇదేంటి, ఇంత మెల్లగా లేస్తోంది?" అనే. అమెరికాలో మా క్లబ్బు జనంలో ఇది చాలాసార్లు గమనించాను.

కారణం ఉంది. చిన్న రాకెట్‌కి దారి చూపే కంప్యూటర్ ఉండదు. మీటరు పొడవు కడ్డీ దాటేలోపే వేగం అందుకుంటేనే దాని రెక్కలు పనిచేస్తాయి. అందుకని బరువుకి కనీసం 5 రెట్లు థ్రస్ట్ ఉండాలంటారు. అదే శాటర్న్-5 చూడండి: బరువు దాదాపు 2,900 టన్నులు, థ్రస్ట్ 3,400 టన్నులు. అంతే! ఇంజన్లని అటూఇటూ తిప్పుతూ నిటారుగా నిలబెట్టుకోగలదు కాబట్టి తాపీగా లేస్తుంది.

మన ఎల్‌వీఎం3 దగ్గర భయం ఇంకోరకం. 2023 జులై 14న చంద్రయాన్-3ని లేపినవి రెండు ఎస్200 బూస్టర్లు. ఒక్కోదాంట్లో 200 టన్నుల పైచిలుకు ఘన ఇంధనం. బొటనవేలంత మా సి6 మోటార్‌లోనూ ఘన ఇంధనమే. అంటుకున్నాక ఆపే స్విచ్ రెండిట్లోనూ లేదు. చేత్తో ఒక్క మోటారైనా వెలిగించినవాడికి ఆ క్షణం గుండె ఎందుకు ఆగుతుందో ఎవరూ చెప్పక్కర్లేదు.

నేను చెప్పొచ్చేదేంటంటే, చూసినవాడికి చెయ్యాలనిపిస్తుంది. 1957లో స్పుత్నిక్ ఎగిరాక అమెరికా పిల్లలు ఇళ్ళల్లో మందు కలుపుకుని ఒళ్ళు కాల్చుకున్నారు. అక్కడి పెద్దలు "మానెయ్యండ్రా" అని ఊరుకోలేదు. ఫ్యాక్టరీలో చేసిన మోటారు, దూరం నుంచి కరెంటుతో వెలిగించే పద్ధతి, భద్రతా నియమాలు చేతికిచ్చారు. ఇప్పటికీ అక్కడ బొమ్మల షాపుల్లో ఆ మోటార్లు దొరుకుతాయి.

మన సంగతి? 2019 ఏప్రిల్‌లో పీఎస్‌ఎల్‌వీ-సీ45 నుంచి శ్రీహరికోటలో జనం కూర్చుని చూడ్డానికి గ్యాలరీ తెరిచారు. చాలా మంచి పని. 2025లో ఇన్‌-స్పేస్ విద్యార్థులకి మోడల్ రాకెట్ పోటీ పెట్టింది, అదీ సంతోషమే. కానీ సూళ్ళూరుపేటలో రైలెక్కి ఇంటికొచ్చిన ఎనిమిదో తరగతి పిల్లాడు మర్నాడు ఏం చెయ్యాలి? ఇంటర్లో ద్రవ్యవేగ నిత్యత్వం లెక్క వచ్చేదాకా ఆగాలా?

ప్రమాదం అంటారా? దీపావళికి అదే పిల్లాడి చేతికి సీసా, తారాజువ్వ, కాకరపువ్వొత్తి ఇచ్చి "వెలిగించి పరిగెత్తుకొచ్చెయ్" అనేది మనమే కదండీ! మోడల్ రాకెట్‌ని చిన్న మోటారైనా సరే 15 అడుగుల దూరం నుంచే వెలిగించాలి. రెండిట్లో ఏది భద్రమో మీరే చెప్పండి.

ప్రతి జిల్లాలో ఒక ఖాళీ మైదానం, లైసెన్సున్న ఒక మాస్టారు, ఏడాదికి నాలుగు ఆదివారాలు. నా మటుకు నాకు ఇది గొంతెమ్మ కోరికలా అనిపించట్లేదు. మీరేమంటారు?