ఊరు మారినను మారని వ్రాత

అక్షరమనగా నశింపనిదని అర్థము. ఆ పేరు సార్థకమగుటకు ప్రతి యుగమునను ఎవరో ఒకరు శ్రమపడవలసియే వచ్చినది. తాటియాకుపై గంటముతో వ్రాసిన కాలమున లేఖకుడు మారినపుడెల్ల పాఠమును మారెడిది. ఒక ప్రతిలో లేని పద్యము వేరొక ప్రతిలో చేరెడిది. ఒకచోట జారిపోయిన పాదమును మరియొకచోట ఎవరికి తోచినట్లు వారు పూరించెడివారు. పందొమ్మిదవ శతాబ్దమున సి. పి. బ్రౌను పండితులను చేర్చుకొని, ఒకే కావ్యమునకు పెక్కు ప్రతులు తెప్పించి, పోల్చి చూపించి, శుద్ధపాఠములను సిద్ధము చేయించుటకు కారణమిదియే. అచ్చు వ్యాపించిన పిదప ఆ బాధ చాలవరకు తగ్గినది. ఒక కూర్పునుండి వెలువడిన వేయి ప్రతులును ఒకే రూపమున ఉండెడివి. సోంపేటలో చదివినవాడును, చెన్నపట్టణమున చదివినవాడును ఒకే పుటలో ఒకే పంక్తిని చూడగలిగెడివారు.

కంప్యూటరు వచ్చిన తరువాత ఆ పాత లేఖకుడు మరల ప్రవేశించినాడు. ఈ పర్యాయము అతడు మనుష్యుడు కాడు. పత్రమును తెరచు ప్రతి యంత్రమును ఒక లేఖకుడే. కంప్యూటరులో వ్రాసిన పత్రము అచ్చయిన కాగితము వంటిది కాదు. ఈ అక్షరములు, ఈ ఫాంటు, ఈ పరిమాణము, ఈ అంచులు అని చెప్పు చిట్టా మాత్రమే అది. ఆ చిట్టాను చూచి పుటను పేర్చుట, తెరచిన యంత్రము పని. అది తన వద్దనున్న సామగ్రితోనే పేర్చును. లేని సామగ్రికి బదులు మరియొకదానిని వాడుకొనును. తరచుగా ఆ సంగతి ఎవరికిని చెప్పదు.

సోంపేటలోని ఒక ఉపాధ్యాయుడు తరగతి పరీక్షకు ప్రశ్నపత్రమును సిద్ధపరచి, అచ్చుకొఱకు పలాసకో టెక్కలికో పంపినాడనుకొనుడు. ఇంటి కంప్యూటరులో రెండు పుటలకు చక్కగా సరిపోయిన పత్రము, అచటి డి.టి.పి. కేంద్రమున తెరువగానే మూడవ పుటకు ప్రాకును. ఖాళీలు పూరింపుమన్నచోట చుక్కల గీత విరిగి క్రింది పంక్తికి దిగును. పదియొక్క వర్గమును తెలుపు చిన్న అంకె క్రిందికి జారినచో, ఆ సంఖ్య 102గా అచ్చుపడును. అన్నిటికంటె ప్రమాదకరమైనది జతపరచు ప్రశ్న. కుడివరుసను స్పేస్ బార్ నొక్కి నొక్కి సరిచేసియుండుటచే, ఫాంటు మారగానే ఆ వరుస చెదరును. ‘ఇ’ అను గుర్తు ఒక పంక్తిలోను, దానికి చెందిన పదము మరియొక పంక్తిలోను పడును. పరీక్ష వ్రాయు బాలికకు అది యంత్రదోషమని తెలియదు. తెలిసిన జవాబునకే తప్పు గుర్తు వ్రాసి మార్కు పోగొట్టుకొనును. కనుక ఇది అలంకారమునకు సంబంధించిన చర్చ కాదు. పిల్లలకు జరుగవలసిన న్యాయమునకు సంబంధించినది.

ఈ చిక్కునకు మూలములు రెండు. ఒకటి అక్షరమున ఉన్నది, రెండవది పుటలో ఉన్నది.

కంప్యూటరునకు అక్షరము తెలియదు. సంఖ్య మాత్రమే తెలియును. తెలుగు ఆ యంత్రములోనికి వచ్చిన తొలిదినములలో, ఆంగ్లాక్షరములకు కేటాయించిన సంఖ్యలపైననే తెలుగు రూపములను కూర్చిరి. ఆ పద్ధతిలో ఒక ఫాంటునకు లభించు స్థానములు 256కు మించవు. గుణింతములకును, సంయుక్తాక్షరములకును అవి చాలవు. అందుచే తలకట్టు, గుడి, కొమ్ము, వత్తు అని అక్షరమును ముక్కలు చేసి, ఆ ముక్కలకు సంఖ్యలిచ్చిరి. ఏ సంఖ్యకు ఏ ముక్క అనునది ఏ సంస్థకు ఆ సంస్థయే నిర్ణయించుకొన్నది. అను, శ్రీలిపి మొదలగు ఫాంట్లు ఈ మార్గముననే నడచినవి. వానిని నిందించుట న్యాయము కాదు. వేరు సాధనము లేని రోజులలో పత్రికలు, పుస్తకములు, శుభలేఖలు వాని మూలముననే వెలుగు చూచినవి. ఎందరో యువకులకు అవి జీవనాధారమైనవి. కాని ఆ ఫాంటు లేని యంత్రమున ఆ పత్రమును తెరచినచో కనబడునది తెలుగు కాదు, అర్థము లేని ఆంగ్లాక్షరముల గుంపు. కంటికి తెలుగుగా కనిపించినది లోపల ఎన్నడును తెలుగు కాదు.

ఈ సత్యము ఉద్దానపు సరిహద్దు మండలములలోని వారికి తక్కిన ఆంధ్రులకంటె త్వరగా బోధపడవలెను. సోంపేటనుండి ఇచ్ఛాపురము వరకు తెలుగును, ఒడియాయును ఇరుగుపొరుగుగా వినవచ్చును. శ్రీకాకుళము జిల్లాలో ఒడియా మాధ్యమమున బోధించు పాఠశాలలును కలవు. ఒకే పత్రమున రెండు భాషలును ఉండవలసి వచ్చినపుడు పాత పద్ధతి నిస్సహాయమగును. తెలుగు ఫాంటును, ఒడియా ఫాంటును అవే ఆంగ్లసంఖ్యలను ఆక్రమించుకొనియుండుటచే, ఫాంటు తప్పిన మరుక్షణమున ఏది తెలుగో ఏది ఒడియాయో చెప్పుటకు యంత్రమున ఆధారమే మిగులదు.

దీనికి పరిష్కారము చిరకాలము క్రిందటనే వచ్చినది. పెక్కు భారతీయ లిపులకు ఉమ్మడి సంకేతపద్ధతి 1991లో జాతీయ ప్రమాణముగా వెలువడినది. అదే సంవత్సరమున యూనికోడు తొలి సంపుటమును వెలువడి, ఒడియాకు వేరుగా, తెలుగునకు వేరుగా 128 స్థానముల చొప్పున గడులను ఏర్పరచినది. రెండు గడులలోను ‘క’ అను అక్షరము ఒకే వరుసస్థానమున నిలిచియున్నది. అక్కచెల్లెండ్రవలె పోలికయు ఉన్నది, ఎవరి ఇల్లు వారికిని ఉన్నది. యూనికోడులో ‘స్త్రీ’ అను మాట ఆరు సంకేతముల వరుస: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘము. బడిపిల్లవాడు వర్ణక్రమము చెప్పినట్లే అది అక్షరమును భద్రపరచును. వత్తులు ఎట్లు వ్రేలాడవలెనో చూచుకొనుట ఫాంటు పని. అందువలన ఫాంటు మారినను భాష చెడదు. 2009లో భారత ప్రభుత్వము ఈ-పరిపాలనకు యూనికోడునే ప్రమాణముగా స్వీకరించినది.

అయినను అక్షరము నిలిచినంత మాత్రమున పుట నిలువదు. తెలుగు అక్షరమునకు పైన గుడులు, క్రింద వత్తులు ఉన్నవి. వానికి విడువవలసిన చోటును ఒక్కొక్క ఫాంటు ఒక్కొక్క విధముగా లెక్కించును. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చినది. 2012లో విండోస్ 8తో నిర్మల వచ్చినది. చేతిఫోనులలో నోటో ఉన్నది. పరిమాణము 12 అని అన్నింటను వ్రాసియున్నను పంక్తి ఎత్తు ఒకటి కాదు, పదము వెడల్పు ఒకటి కాదు. పంక్తికి వెండ్రుకవాసి పెరిగినను పుట చివరకు ఒక ప్రశ్న క్రింది పుటకు దిగును. కాగితము సంగతియు అట్టిదే. ఎ4 కాగితము 210 మిల్లీమీటర్ల వెడల్పు, 297 మిల్లీమీటర్ల ఎత్తు. అమెరికావారి లెటర్ కాగితము వెడల్పున కొంచెము అధికము, ఎత్తున 18 మిల్లీమీటర్లు తక్కువ. ప్రోగ్రాము లెటర్ కొలతకు అమర్చియుండగా వ్రాసిన పత్రమును ఎ4పై అచ్చు తీసినచో కూర్పు తప్పక మారును. వర్డ్ ఫైలునకు 2008లోను, ఓపెన్ డాక్యుమెంట్ ఫైలునకు 2006లోను అంతర్జాతీయ ప్రమాణములు ఏర్పడినవి. కాని ఒక ప్రోగ్రాము వ్రాసినదానిని మరియొక ప్రోగ్రాము చదువునపుడు చిన్న చిన్న భేదములు నేటికిని ఉన్నవి.

కావున చేయవలసిన పని యంత్రమును తిట్టుట కాదు. వ్రాయు పద్ధతిని మార్చుకొనుట. వ్రాయుటకు ముందే కాగితము కొలతను ఎ4గా నిర్ణయింపవలెను. యూనికోడులోనే వ్రాయవలెను. ఉచితముగా లభించు ఫాంటునే ఎన్నుకొనవలెను. దానిని ఎవరికైనను ఇచ్చుటకు అభ్యంతరముండదు, పత్రములోనే పొదిగి పంపుటకును వర్డ్, లిబ్రాఫీసు రెండును అవకాశమిచ్చుచున్నవి. శీర్షికను లావుచేసి పెద్దదిచేసి ఊరకొనక, ఇది శీర్షిక, ఇది ప్రశ్న అని స్టైలు ద్వారా యంత్రమునకు చెప్పవలెను. అట్లు చెప్పినచో ఒకచోట సవరించిన మార్పు పత్రమంతట వ్యాపించును. వరుసలు సరిచేయుటకు స్పేస్ బార్ కాదు, పట్టిక ఉన్నది. క్రొత్త పుటకు పోవుటకు పదిసార్లు ఎంటర్ నొక్కనక్కరలేదు, పుటవిరుపు ఉన్నది. ప్రశ్నల అంకెలను చేతితో వేయక యంత్రముచేతనే వేయింపవలెను. వ్యాకరణము తెలిసి వ్రాసిన వాక్యము ఎవరు చదివినను ఒకే అర్థమిచ్చినట్లు, నిర్మాణము తెలిసి వ్రాసిన పత్రము ఏ యంత్రము తెరచినను ఇంచుమించు ఒకే రూపమునిచ్చును.

పిడియఫ్‌గా మార్చి పంపినచో ఇంత శ్రమ ఏలయని కొందరందురు. 1993లో వెలువడి, 2008లో అంతర్జాతీయ ప్రమాణమైన ఆ రూపమున పుట కదలదన్నది నిజమే. అచ్చుకు పంపుటకు అదియే తగినది. కాని అది ఆరిన ఇటుక వంటిది. తప్పు కనబడినపుడు దిద్దుట కష్టము. పాత ఫాంటులో వ్రాసి పిడియఫ్ చేసినచో చూచుటకు తెలుగుగానే ఉండును, కాని ఒక మాటను వెదకినచో దొరకదు. కనుక రెండును ఉండవలెను: దిద్దుటకు మూలప్రతి, అచ్చునకు పిడియఫ్. అచ్చుకు ముందు మరియొక యంత్రమున తెరచి చూచుకొనుట ప్రూఫు దిద్దుటవలెనే విధిగా భావింపవలెను. పాత ఫాంటుల పత్రములను యూనికోడులోనికి మార్చు సాధనములును కలవు. వానిని వాడి, పిదప అక్షరమక్షరము సరిచూచుట విద్యార్థులకు మంచి భాషాభ్యాసమగును.

ఈ జిల్లా ఉపాధ్యాయులకు ఇట్టి శ్రద్ధ పరాయిది కాదు. 1863లో శ్రీకాకుళమునకు సమీపమున పర్వతాలపేటలో జన్మించిన గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో బడిపంతులై, సవరల భాషను నేర్చి, దాని ధ్వనులను కాగితముపై నిలుపుటకు జీవితమున అధికభాగము వెచ్చించెను. ఆ సవరల భాషకు 1936లో మంగేయి గొమాంగో కల్పించిన లిపి 2012లో యూనికోడున స్థానము పొందినది. నేడు గిడుగు పేరనే ఒక తెలుగు యూనికోడు ఫాంటు ఉచితముగా లభించుచున్నది. సాధనములు ఇన్ని చేతికందియున్నపుడు, బడి పత్రికలో పిల్లలు వ్రాసిన కథయు, ఉపాధ్యాయుడు సేకరించిన ఉద్దానపు పలుకుబడియు పదేండ్ల తరువాత తెరువగా అర్థము లేని గుర్తులై కనబడుట ఎవరికిని గౌరవము కాదు.

ప్రతి మండలమున ఉపాధ్యాయులు కూడి, ప్రశ్నపత్రమునకు ఒక మాదిరిని, బడి పత్రికకు ఒక మాదిరిని యూనికోడులో సిద్ధపరచి, ఫాంటుతో సహా అన్ని పాఠశాలలకు పంచుట అసాధ్యమైన కార్యము కాదు. దానికి నిధులు అక్కరలేదు. ఒక దినపు శ్రద్ధ చాలును. సోంపేటలో వ్రాసిన పంక్తి టెక్కలిలోను, సముద్రములకావల నున్న తెలుగువారి ఇండ్లలోను అదే పంక్తిగా నిలుచుటకు అది తొలిమెట్టు కాగలదు.