బొడ్డుతాడు ఖూన్‌కి కిస్తుల బేరం



మా భాంజీకి ఇప్పుడు మూడో నెల. మొన్న ఓ క్లినిక్‌కి వెళ్తే డాక్టరమ్మ కంటే ముందు టై కట్టుకున్న ఓ కుర్రాడు పలకరించాడట. బిడ్డ బొడ్డుతాడు నెత్తురు దాచిపెట్టుకుంటే రేపు ఏ బీమారీ వచ్చినా అదే దవా అవుతుందన్నాడట. డబ్బు నెలనెలా కిస్తుల్లో కట్టొచ్చట. రాత్రి భాంజా ఫోన్ చేశాడు. "మామూజాన్, అప్పు చేసైనా కట్టేయమంటారా? ఔలాద్ విషయం కదా!" (వాళ్లిద్దరూ ఖాలాజాద్‌లే. ఈ మాట గుర్తుంచుకోండి.)

ఆ ఖూన్‌లో తాకత్ లేదని నేననను. 1988లో పారిస్‌లో ఎలియాన్ గ్లక్‌మన్ అనే డాక్టరమ్మ ఫాంకోనీ అనీమియా ఉన్న ఓ పిల్లవాడికి దాన్ని మొదటిసారి ఎక్కించారు. బాబు బతికాడు. ఆ తర్వాత లుకేమియా, థలసీమియా లాంటి జబ్బులకు వేలమందికి ఈ ఇలాజ్ జరిగింది. కానీ ఆ బాబుకి ఎక్కించింది తన సొంత నెత్తురు కాదు, కొత్తగా పుట్టిన చెల్లెలిది! టై కుర్రాడు దాటేసిన ముచ్చట ఇదే. జబ్బు పుట్టుకతో జీన్‌లోనే ఉంటే, బిడ్డ సొంత బొడ్డుతాడు కణాల్లోనూ అదే లోపం ఉంటుంది. థలసీమియా బచ్చాకి వాడి ఖూనే మళ్లీ ఎక్కిస్తే ఏం ఫాయిదా?

సొంతానికి దాచుకోవడానికి సైన్స్ ఆధారం లేదని మన ఐసీఎంఆర్ కూడా చెప్పింది. ఇంట్లో పెద్ద బిడ్డకి అప్పటికే అలాంటి బీమారీ ఉంటే మాత్రం సంగతి వేరు. అప్పుడు తమ్ముడిదో చెల్లెలిదో తప్పక దాచాలి. తోబుట్టువులకు పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒకటి.

ఇది జాయిజేనా అని కొందరు బుజుర్గులు అడుగుతారు. వాలిదైన్ ఇజాజత్‌తో బొడ్డుతాడు నుంచి కణాలు తీసుకోవచ్చని ముస్లిం వరల్డ్ లీగ్ ఫిఖ్ మజ్లిస్ 2003లో మక్కాలోనే చెప్పింది. నా ఫికర్ వేరే. బిడ్డ పుట్టాక తాడు కోయడానికి కనీసం ఒక నిమిషం ఆగమని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. ఆ కాసేపట్లో ఐరన్ ఉన్న నెత్తురు బిడ్డలోకి వెళ్తుంది. సంచీ నింపాలని తొందరపడితే అది బిడ్డ హక్‌ని లాక్కోవడమే.

భాంజాకి చెప్పాను: "బేటా, ఆ డబ్బు జేబులో పెట్టుకో. ముందు మీరిద్దరూ హెచ్‌బీ ఏ2 పరీక్ష చేయించుకోండి. కొన్ని వందల్లో అయిపోతుంది." మన ఘరానాల్లో చచేరా, ఖాలాజాద్ రిష్తాలు మామూలే. ఒకే ఖాందాన్‌లో ఆ లోపం ఇద్దరికీ వచ్చే అవకాశం ఎక్కువ. ఒకరికే ఉంటే బిడ్డకి ఆ జబ్బు రాదు. ఇద్దరికీ ఉంటే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ఖతరా. నిఖాకి జోడా చూస్తాం, జహేజ్ లెక్కేస్తాం, ఈ ఒక్క కాగితం ఎవరూ అడగరు. నేనూ అడగలేదు. ఆ నిఖాలో వకీల్‌గా కూర్చున్నది నేనే.

భాంజీ రిపోర్ట్ నిన్న వచ్చింది. ఆమెకి ఉంది. భాంజా రిపోర్ట్ రేపు వస్తుంది.

దువా చేయండి.