కొలత యెవరిది? తీర్పు యెవరిది?

భూమిని కొలుచు పని ప్రభుత్వోద్యోగులదే గాని యితరులది కాదను కాలము గడచిపోయినది. 2021 ఫిబ్రవరి 15వ తేదీన భారత ప్రభుత్వము ప్రకటించిన మార్గదర్శక సూత్రముల వలన భారతీయ సంస్థలు ముందుగా అనుమతి కోరకయే భూమిని కొలువవచ్చును, పటములు గీయవచ్చును, వానిని విక్రయింపవచ్చును. 2022 డిసెంబరులో వెలువడిన జాతీయ భూప్రాదేశిక విధానము ఈ త్రోవను మఱింత వెడల్పు చేసినది. ఇది ఢిల్లీ వ్యవహారమనియు, మన చోడవరమున కిందు పనిలేదనియు తలచి యూరకుండుట తగదు. పటముపై గీత వెండ్రుకవాసి జరిగినను పొలములో గట్టు గజము జరుగును.

వర్తక సంస్థ భూమిని కొలుచుట ఈ దేశమునకు క్రొత్త గాదు. ఆధునిక పద్ధతిని మన నేలను మొదట కొలిపించినదే యొక వర్తక సంస్థ. ఈస్టిండియా కంపెనీవారు 1767లో రెన్నెలును బంగాళమునకు సర్వేయరు జనరలుగా నియమించిరి. 1802 ఏప్రిలు 10వ తేదీన చెన్నపట్టణమున పరంగికొండ చెంత లాంబ్టను ఆధారరేఖను కొలువ నారంభించినదియు కంపెనీ వ్యయముతోనే. ఆ శాస్త్రము గొప్పది. ఆ శ్రమయు గొప్పదే. అయినను ఆ పటము లెవరికొఱకు? సైన్యములు నడచుటకు, శిస్తు రాబట్టుటకు. ఆ 1802వ సంవత్సరమందే ఉత్తర సర్కారులలో శాశ్వత సెటిలుమెంటు జరుగగా, కంపెనీవారు రైతుల పొలములను కొలువకయే పేష్కషులను నిర్ణయించిరి. భూగోళపు వంపును కొలుచుటకు తీరికయున్న వారికి రైతు కమతమును కొలుచుటకు తీరిక లేకపోయెను! కొలిపించువాడు ఎవ్వరో, కొలత వాని ప్రయోజనమునే ముందు చూచును. ఈ పాఠమును మనము మఱవరాదు.

ఆ సెటిలుమెంటు ఫలముగా మన ప్రాంతములో అధికభాగము జమీందారీల క్రింద నుండెను. 1948 నాటి ఎస్టేటుల రద్దు చట్టము వచ్చిన తరువాత గాని అనేక గ్రామములకు ప్రభుత్వపు సర్వే, సెటిలుమెంటు రాలేదు. నాటి గొలుసు కొలతలు, నాటి రాళ్లు, నాటి అడంగళ్లు ఆధారముగానే తాతల పంపకములు, తండ్రుల క్రయవిక్రయములు జరిగినవి. రాళ్లు కొన్ని పోయినవి, కాగితములు కొన్ని చినిగినవి. 1984లో కరణీకము రద్దగుటతో ప్రతి గట్టు చరిత్రయు నోటనుంచుకొనిన మనిషియు తొలగిపోయెను. కరణముల లోపము లెన్నియున్నను వారి జ్ఞాపకమునకు బదులు మఱియొకటి యేర్పడలేదు. కావున తిరిగి కొలుచుట అవసరమే. అందు మాకు సందేహము లేదు.

2020 డిసెంబరులో మన రాష్ట్రప్రభుత్వము భారత సర్వే శాఖతో ఒప్పందము చేసికొని, కృష్ణాజిల్లా తక్కెళ్లపాడులో సమగ్ర రీసర్వేను ఆరంభించెను. డ్రోనులు ఎగిరినవి, ఉపగ్రహ సంకేతములను సవరించి యిచ్చు స్థిరకేంద్రములు వెలసినవి, కొన్ని సెంటీమీటర్ల తేడాలో స్థానమును చూపు పరికరములు పొలములకు వచ్చినవి. అయినను విస్తీర్ణము తగ్గినదని, ఇద్దరు ముగ్గురి భూములు ఒకే సంఖ్యలో కలిసిపోయినవని మొఱలు వినవచ్చెను. 2024లో ప్రభుత్వము మారిన పిదప గ్రామసభలు జరిపి ఆ మొఱలను వ్రాసికొనిరి. భూహక్కుల చట్టమును ఆ యేడే రద్దుచేసిరి. 2025లో సవరించిన పద్ధతిని రీసర్వేను మరల సాగించిరి. ఇంతటి యంత్రసామగ్రి యుండియు చిక్కెక్కడ?

చిక్కు యంత్రములో లేదు. డ్రోను గట్టును చూచును గాని గట్టు న్యాయమును చూడలేదు. పొరుగువాడు ఏటేట నాగలిమొనతో నాలుగంగుళములు జరిపిన గట్టును అది జరిగిన చోటనే చిత్రించును. గోవాడలో సహకార పద్ధతిని చక్కెర కర్మాగారమును స్థాపించుకొనిన సీమ మనది. చెరకు నిలువెత్తు పెరిగినప్పుడు ఆకాశమునుండి చూచువానికి ఆకులే గాని గట్లు కానరావు. అప్పుడు మనిషి దిగి నడువవలెను, ఇరుగుపొరుగుల నిలిపి అడుగవలెను, పాత కొలతల పుస్తకముతో సరిచూడవలెను. ఈ పనికి తొందర పనికిరాదు.

ప్రైవేటు సంస్థల విషయమున మా భయమును ఇచ్చటనే. ఎకరమునకు ఇంతయని కూలి పుచ్చుకొను సంస్థకు త్వరగా ముగించుటయందే లాభము. తగవును వినుటకు కూర్చున్న ప్రతి గంటయు నష్టము. గుజరాతులో ప్రైవేటు ఏజన్సీలచే చేయించిన రీసర్వేపై రైతులు మొఱపెట్టగా, జామ్‌నగరు, దేవభూమి ద్వారక జిల్లాలలో మరల కొలుచుటకు ప్రభుత్వమే నిర్ణయింపవలసి వచ్చెను. తెలంగాణములో ధరణి నిర్వహణమును ప్రైవేటు సంస్థ చేతిలో నుంచి, 2024లో దానిని తప్పించి జాతీయ సమాచార కేంద్రమున కప్పగించిరి.

అట్లని ప్రైవేటు చేతులను పొలిమేరలోనికే రానీయరాదని మేమనము. అన్నదమ్ములు పంచుకొనిన అరయెకరమును విభజించి చూపుటకు సర్వేయరు రాకకై నెలల తరబడి వేచియున్న రైతుయొక్క బాధ మనకు తెలియనిది గాదు. 2025 అక్టోబరులో తెలంగాణ ప్రభుత్వము శిక్షణ నొందినవారికి సర్వేయరు లైసెన్సుల నిచ్చినది. చదువుకొనిన గ్రామయువకులకు ఇది గౌరవమైన వృత్తి. అయితే కూలి యిచ్చువాడు ఒక్కడు, గట్టుకు హక్కుదారులు ఇద్దరు. చెరకు తూచు కాటా కొనువాని యింట నున్నప్పుడు అమ్మువాడు ప్రక్కన నిలుచుండి ముల్లును చూచుకొనును. పొలము కొలతయందును రైతునకు ఆ హక్కు వలదా?

కావున మేము కోరునది యిది. కొలుచుట ప్రైవేటువారు చేసిన చేయవచ్చును. తీర్చుట మాత్రము చట్టమునకు లోబడిన ప్రభుత్వాధికారి చేతిలోనే యుండవలెను. 1923 నాటి సర్వే, సరిహద్దుల చట్టము హక్కుదారునకు నోటీసును, అప్పీలును, సివిలు కోర్టు ద్వారమును ఇచ్చియున్నది. ఏ కంపెనీ కంట్రాక్టుచేతను ఈ మూడింటిలో నొక్కటియు సన్నగిల్లరాదు. కొలతకు ముందు ఇరుపొరుగులకును నోటీసు చేరవలెను. కొలిచినవాని పేరు, సంతకము పటముపై నుండవలెను. తప్పు తేలినచో మరల కొలుచు ఖర్చు కొలిచిన సంస్థయే భరింపవలెను. చేసిన పనిలో కొంత భాగమును ప్రభుత్వ సర్వేయరు స్వయముగా తిరిగి కొలిచి సరిచూచిన పిమ్మటనే సొమ్ము చెల్లింపవలెను. పటమేగాక దాని మూలమైన కొలతలన్నియు ప్రజల సొత్తుగా ప్రభుత్వము వద్దనే యుండవలెను. కంట్రాక్టు ముగిసిననాడు సంస్థ వానిని మూటగట్టుకొని పోవుటకు గాని, అమ్ముకొనుటకు గాని వీలుండరాదు.

ఇక చదువరులతో నొక్క మాట. నోటీసు తలుపునకు అంటించినను చదువలేని వానికి అది తెల్లకాగితమే. గడువు దాటిన పిమ్మట కచ్చేరి మెట్లెక్కిన ప్రయోజనము స్వల్పము. మన పఠనమందిరములకు వచ్చు విద్యావంతులు వారమున కొక సాయంకాలము పాత పటమును, క్రొత్త పటమును ప్రక్కప్రక్కన పఱచి రైతులకు చదివి చెప్పుదురేని, అర్జీ వ్రాసియిత్తురేని, అంతకు మించిన దేశసేవ ఈ సీమలో వేఱొకటి లేదు. కంపెనీలనాటి రైతు తన నేలయొక్క పటమును ఎఱుగకయే శిస్తు కట్టెను. స్వతంత్ర భారతమున అతని మనుమడు తన పటమును తానే చదివి, ఒప్పైన ఒప్పనియు తప్పైన తప్పనియు చెప్పగలుగవలెను. అది జరుగునంతవఱకు ఎన్ని డ్రోనులు ఎగిరినను మన భూమి కొలువబడినదని మేమొప్పుకొనజాలము.