మైకు కంటే ముందు గది

మన కాలేజీలో పాడేవాళ్ళు ఎక్కువయ్యారు, సంతోషం. ఇంట్లోనే స్టూడియో పెడతాం, ఫీజు డబ్బుతో కండెన్సర్ మైకు కొంటాం అంటున్న తమ్ముళ్ళకే ఈ నాలుగు ముక్కలు.

నేనూ అలాగే స్కాలర్‌షిప్ డబ్బంతా పోసి కొన్నాను. తీరా వింటే నా పాట కంటే ఫ్యాను చప్పుడు, పక్కింటి కుక్కరు కూతలే స్పష్టంగా ఉన్నాయి! తప్పు మైకుది కాదు. అది మహా సున్నితం, గదిలో ఉన్నదంతా పట్టేస్తుంది. పైగా దానికి 48 వోల్టుల విద్యుత్తు ఇంటర్‌ఫేసు నుంచి అందాలి.

మన ఇరుకు గదులకు డైనమిక్ మైకే మేలని నా అభిప్రాయం. 1966లో వచ్చిన షూర్ ఎస్.ఎం.58 నేటికీ వేదికల మీద ఉందంటే ఊరికే కాదు. నోటికి బెత్తెడు దూరంలో పెట్టుకుని పాడితే చుట్టూ ఉన్న రొద బాగా తగ్గుతుంది. రెండు మైకులు పట్టే చిన్న ఇంటర్‌ఫేసు, చెవుల్ని పూర్తిగా మూసే హెడ్‌ఫోన్లు ఉంటే మొదలుపెట్టొచ్చు. స్పీకర్ల మాట తర్వాత.

అన్నిటికంటే ముందు గోడలకు బొంతలు కట్టండి. అమ్మనడిగితే పాతవి ఇస్తుంది (తిట్టి మరీ ఇస్తుందనుకోండి). బొంత గదిలోని ప్రతిధ్వనిని తగ్గిస్తుందే గాని వీధి గోలను ఆపదు. అందుకే నేనిప్పటికీ రాత్రి పదకొండు దాటాక, ఫ్యాను కట్టేసి, చెమటలు కక్కుతూ పాడుతున్నాను.