ఒంటిచేతి చప్పట్లు

ఇటీవల నొక పట్టణపు పాఠశాలలో జరిగిన వేడుకను జూచు భాగ్యము మాకు లభించినది. సముద్రముల కావలనున్న యొక పాఠశాలతో నీ పాఠశాలకు అంతర్జాలము మూలమున స్నేహము కుదిరినదట. గోడపై తెర కట్టిరి. సంక్రాంతి కింకను నాలుగు మాసము లున్నను ముంగిట గొబ్బెమ్మలు పెట్టించిరి. బాలికలకు పట్టుపరికిణీలు, బాలురకు తలపాగలు తొడిగించిరి. ఒక్కొక్క బిడ్డచేత మూడేసి యింగ్లీషు వాక్యములు వల్లెవేయించిరి. తెరపై నావలి బిడ్డలు కనబడిరి. వారికి వేషములు లేవు. దినమునకువలెనే తమ బల్లలకడ గూర్చుండి యుండిరి. వారిలో నొక బాలుడు, పాపము, ఏర్పాటులో లేని ప్రశ్న యొకటి యడిగెను: మీ యూర నేమి పండింతురని. వెనుక వరుసలోని యొక బాలిక దిగ్గున లేచి, మిరపనారు పోయుట మొదలుకొని కల్లమున కాయ లెండబెట్టుటవరకు గడగడ చెప్పసాగెను. చెప్పినది తెలుగున. "ఇంగ్లీషులో!" అని యొక కసురు వినవచ్చెను. బాలిక కూర్చుండెను. మూడు వాక్యముల వరుస యథాప్రకారముగా సాగెను. మరునాడు పత్రికలలో ఛాయాచిత్రము పడినది.

ఆ కూర్చుండిన బాలికను గూర్చియే మేమీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము. దేశదేశముల విద్యార్థులను, ఉపాధ్యాయులను అంతర్జాలమున నొకచోటికి దెచ్చి యుమ్మడి కార్యములు చేయించు పద్ధతిని మేము నిరసించువారము గాము. మన బిడ్డలు కూపస్థమండూకములై యుండవలెనని కోరువార మంతకంటె గాము. స్నేహమని పేరుపెట్టి ప్రదర్శనము జరుపుటను, ఇచ్చిపుచ్చుకొనుట యని చాటి పుచ్చుకొనుట మాత్రమే నేర్పుటను మేము సహింపజాలము.

ఈ పద్ధతి పుట్టుక యెట్టిదో యొకమారు స్మరింతము. 1988లో, అమెరికా సోవియట్ రాజ్యములు రెండును అణ్వస్త్రములు గురిపెట్టుకొని యొండొంటిని కనిపెట్టి యుండిన దినములలో, న్యూయార్కు రాష్ట్రమున 12 పాఠశాలలును మాస్కో నగరమున 12 పాఠశాలలును దూరసంచార సాధనములచే జోడింపబడినవి. నేడు నూటికి పైబడిన దేశములలో వ్యాపించిన ఐఎర్న్ అను సంస్థకు మూలమదియే. 12కు 12! ఈ లెక్కను పాఠకులు గమనింతురు గాక. ఒకరిపట్ల నొకరికి భయముండుటచేతనే కాబోలు, గౌరవమును నుండినది. దాత యెవడు, ప్రతిగ్రహీత యెవడు అను ప్రశ్నయే యందు పుట్టలేదు.

మరియొక దృష్టాంతము. ఐరోపా సమాఖ్య 2005లో ఈట్విన్నింగ్ అను నేర్పాటును స్థాపించినది. ప్రజల సొమ్ముతో నడచు ఏర్పాటది. 2022లో ఐరోపా పాఠశాల విద్యా వేదికయందు జేర్చబడినది. సమాఖ్యకు 24 అధికార భాషలు గలవు. ఆ వేదిక ఆ భాషలన్నిటను మాటలాడును. జనసంఖ్య ఆరులక్షలకు మించని మాల్టా ద్వీపపు భాషకును అందు చోటు గలదు. అచ్చటి బిడ్డలును పలుమారు ఇంగ్లీషుననే సంభాషింతురనుట నిజమే; కాని ద్వారమువద్ద భాషను జూచి వెనుకకు నెట్టువాడు లేడు. 2011 జనాభా లెక్కలలో తెలుగు మాతృభాషగా వ్రాయించుకొన్నవారు 8 కోట్ల 11 లక్షలు. మన బాలిక తన తరగతిగదిలోనే తన భాషలో నొక ప్రశ్నకు ప్రత్యుత్తర మీయజాలకపోయినది. మాల్టా బాలునకు గల పాటి హక్కు మన బాలికకు లేకుండుటకు కారణ మెవరు? పరులు గారు. కసరినవారు మనవారే.

ఇక మన గడ్డమీద జరిగిన ప్రయోగమునకు వత్తము. 1999లో ఢిల్లీలోని కాల్కాజీ ప్రాంతమున గోడలో కంప్యూటరు నమర్చి, బీదబిడ్డలు తమంత దామే నేర్చుకొందురని చూపిన సుగత మిత్రగారు, తరువాత హైదరాబాదునను ప్రయోగములు సాగించిరి. 2009లో బ్రిటను దేశపు విశ్రాంతోపాధ్యాయులును, వృద్ధస్త్రీలును తమ యిండ్లనుండియే స్కైపు మూలమున నీ బిడ్డలకు ఇంగ్లీషున కథలు చదివి వినిపించు నేర్పాటు బయలుదేరినది. దానికి "గ్రానీ క్లౌడ్" అని, అనగా అవ్వల మేఘమని పేరు. 2013లో మిత్రగారికి టెడ్ సంస్థవారు పదిలక్షల డాలర్ల బహుమానము నొసంగిరి. ఆ యవ్వల సద్భావమును మేము శంకింపము. తీరిక వేళను పరాయి బిడ్డలకై వెచ్చించిన తల్లులకు నమస్కారము. కాని హైదరాబాదున అవ్వలు లేరా? వారి నోట కథలు లేవా? ఆ కథలను వినదగిన బిడ్డలు ఇంగ్లండున లేరా? మేఘమనునది సముద్రమునుండి నీరు గ్రహించి కురియును. ఈ మేఘము గ్రహించుట నెరుగదు, కురియుట మాత్రమే యెరుగును. పైనుండి క్రిందికి మాత్రమే నడచునది ధర్మమగును గాని చెలిమి కాదు. ధర్మము చెడ్డదని మేమనము. దానిని చెలిమి యనవలదందుము.

ఇచ్చిపుచ్చుకొనుట మన నేలకు క్రొత్త గాదు. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాకూరు మదనపల్లెలో బెసెంటు థియొసాఫికల్ కళాశాలకు వచ్చి కొన్నాళ్లు నిలిచెను. అచ్చటి ప్రధానోపాధ్యాయుడు జేమ్సు కజిన్సు ఐర్లండు దేశస్థుడు. జనగణమన గీతము ఆ యూరనే ఇంగ్లీషున కవతరించినది. కజిన్సు భార్యయగు మార్గరెట్టమ్మ దాని బాణీకి స్వరలిపి కూర్చినది. వంగదేశపు కవి, ఐర్లండు గాయని, రాయలసీమ పట్టణము. అందెవ్వరును మరియొకరికి ప్రదర్శన వస్తువు గారు. తీగలును తెరలును లేనినాడు జరిగిన పని యిది.

మా ముఖ్యాక్షేపము వేరొకటి గలదు. మన విద్యాధికారుల కన్నులును, ప్రైవేటు పాఠశాలల యజమానుల కన్నులును ఎప్పుడును లండను, న్యూయార్కు నగరములమీదనే యుండును. గడియారమును జూచినను వారి భ్రమ తొలగవలెను. శీతకాలమున న్యూయార్కులో ఉదయము తొమ్మిది గంటలు కొట్టునప్పటికి మనకు రాత్రి ఏడున్నర. ఎవరో యొకరు నిద్ర చెరుపుకొనక తప్పదు. ఆ యొకరు మనమే యగుట యాచారమైనది. మారిషసు ద్వీపమునకును మనకును భేదము గంటన్నర. మలేషియాకు రెండున్నర గంటలు. దక్షిణాఫ్రికాకు మూడున్నర. ఈ మూడు దేశముల పాఠశాలలు మన పాఠశాలలతో నొకేవేళ తెరచియుండును. ఈ మూటను తెలుగువారున్నారు!

కోరంగి రేవునుండి ఓడలెక్కి చెరకుతోటల కూలికై మారిషసు చేరిన మనవారిని అచ్చటివారు రేవు పేరనే పిలిచిరి. వారి సంతతి నేటికిని అచ్చటి ప్రాథమిక పాఠశాలలలో తెలుగు చదువుచున్నది. మహాత్మాగాంధీ సంస్థయందు తెలుగు శాఖ గలదు. దక్షిణాఫ్రికాలో 1931లోనే ఆంధ్ర మహాసభ స్థాపింపబడినది. ఆ దేశపు 1996 నాటి రాజ్యాంగము గౌరవింపదగిన భాషలలో తెలుగును పేర్కొన్నది. మనము 1981లో కౌలాలంపూరునను, 1990లో మారిషసునను ప్రపంచ తెలుగు మహాసభలు జరిపి, దండలు వేసికొని, యుపన్యాసములిచ్చి, యింటికి వచ్చితిమి. పిదప శ్రీకాకుళము బడిలోని యైదవ తరగతి బిడ్డకును, మారిషసు బడిలోని యైదవ తరగతి బిడ్డకును వారమున కొక గంట ముఖాముఖి కల్పింతమను తలపు ప్రభుత్వములకు గలిగినదా? కోరంగి బడిపిల్లవానికి తన రేవు పేరు మహాసముద్రము దాటి యొక జాతి పేరైనదని తెలుపు పాఠమున్నదా?

ఉపాధ్యాయుని మాట చెప్పకున్న నీ ప్రసంగము సాగదు. 2009 నాటి విద్యాహక్కు చట్టము జనాభా లెక్కలు, ఎన్నికలు, విపత్తులు దప్ప నితర కార్యములకు ఉపాధ్యాయుని నియోగింపరాదని శాసించినది. ఆచరణమున నతడు హాజరు కొక యాప్, భోజనమున కొక యాప్, పుస్తకముల కొక యాప్ నింపుచు గుమాస్తా యైపోయినాడు. దేశమున నేకోపాధ్యాయ పాఠశాలలు లక్షకు మించి యున్నవి. కేంద్రప్రభుత్వపు లెక్కలను బట్టి అంతర్జాలము గల పాఠశాలలు 2023-24లో నూటికి సుమారు 54, మరుసటి సంవత్సరమున సుమారు 63. తీగ వచ్చుచున్నది, సంతోషము. తీగకొసను గూర్చుండి పాఠము నాలోచించుటకు ఉపాధ్యాయునకు వేళ యేది? ఐరోపాలో నీ కార్యమునకు దేశదేశమున సహాయ సంస్థలు గలవు, ఉపాధ్యాయులకు శిక్షణము గలదు. మనకు ఉత్తరువు గలదు.

తెర యెవరిదను ప్రశ్నయు గలదు. అవ్వల మేఘమునకు ఆధారమైన స్కైపును దాని యజమానియగు మైక్రోసాఫ్టు కంపెనీ 2025 మే మాసమున మూసివేసినది. కంపెనీ లాభము చూచుకొనును. అది దాని స్వభావము, తప్పుపట్టి ఫలము లేదు. బిడ్డల చదువును అద్దె కొంపలో నుంచిన మనదే తప్పు. 2023లో మన దేశము చేసికొన్న వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము పదునెనిమిదేండ్లు నిండని బిడ్డల వివరములను వాడుటకు తల్లిదండ్రుల యనుమతి కావలెనన్నది. పాఠశాల ప్రకటన పత్రములలో ముఖములు ముద్రింపబడిన బిడ్డలలో నెందరి తల్లుల నడిగిరో యజమానులే చెప్పవలెను.

ఇంగ్లీషు రానిదే బిడ్డలకు బ్రతుకుతెరువు లేదు, మీ తెలుగు పిచ్చి మాకేల యని కొందరు తండ్రు లందురు. ఇంగ్లీషు నేర్పుడు, బాగుగా నేర్పుడు. మూడు వాక్యములు వల్లెవేయించుట ఇంగ్లీషు నేర్పుట గాదు. మిరపతోటను గూర్చి తెలుగున చెప్పగలిగిన బాలిక, చెప్పనిచ్చినచో, ఆవలి బాలుని ముఖమున నాసక్తిని జూచి, మరునాడు దాని నింగ్లీషున చెప్పుటకు తానే మాటలు వెదకుకొనును. చెప్పవలసినది కలిగిన పిమ్మట భాష వచ్చును. నోరు మూయించిన పిమ్మట నే భాషయు రాదు.

వ్యయమెక్కువ యనువారి కొక పని చెప్పుదుము. అమెరికా పాఠశాలలు కొన్ని దీనిని మిట్టమధ్యాహ్నపు నీడల కార్యమని చిరకాలముగా జరుపుకొన్నవి. మూలము ఎరటోస్థనీసు నాటిది. మీటరు పొడవు గల కర్ర నొకదానిని శ్రీకాకుళపు బడి యావరణమున నిట్టనిలువుగా పాతవలెను. అట్టిదే మారిషసున నొకటి. మార్చి విషువద్దినమున సూర్యుడు నడినెత్తికి వచ్చినప్పుడు ఎవరి నీడను వారు కొలువవలెను. శ్రీకాకుళపు నీడ యించుమించు 33 సెంటీమీటర్లు, ఉత్తరమునకు. మారిషసు నీడ 37, దక్షిణమునకు. రెండు కోణములు కూడిన సుమారు 38న్నర డిగ్రీలు. రెండూళ్లకు నుత్తర దక్షిణముగా గల దూరము పటమున జూచికొనిన, భూమి చుట్టుకొలత బిడ్డల చేతికి వచ్చును. ఏ బడియు నొంటరిగా నీ లెక్క గట్టజాలదు. దీనికి వలయునవి రెండు కర్రలు, రెండు దారములు, ఒక ఫోను. మార్చి నెల ప్రతి సంవత్సరమును వచ్చుచున్నది. రెండు తెలుగు ప్రభుత్వముల విద్యామంత్రులలో నెవరు ముందుగా కర్ర పాతింతురో చూతము.