నాలుగు డిస్కులు వేస్తే సరిపోదు



మన పావగడ తాలూకాలో పాత అంబాసిడర్లకు కొత్త ఇంజను, వెడల్పు టైర్లు, డిస్కు బ్రేకులు వేయించి పెళ్లి ఊరేగింపులకు తిప్పడం గొప్పయిపోయింది. "నాలుగు చక్రాలకూ డిస్కులే, ఇంకేం భయం?" అంటున్నారు. భయం అక్కడే ఉందంటాం మేము.

బ్రేకు తొక్కగానే బండి బరువు ముందుకు పోతుంది, వెనక చక్రాలు తేలికవుతాయి. వెనక బ్రేకు అతిగా పట్టిందా, ఆ చక్రాలు ముందే బిగుసుకుని జారుతాయి, బండి అడ్డం తిరుగుతుంది. ముందువి ముందు బిగుసుకుంటే స్టీరింగు పనిచేయదు గానీ బండి నేరుగానైనా పోతుంది. అందుకే వెనక్కి పోయే ఒత్తిడిని తగ్గించే వాల్వు కావాలి. రైలు వ్యాగన్లకే ఖాళీ, లోడు అని బ్రేకు బలం మార్చే మీట పెట్టారే, మనుషులెక్కే కారుకు ఆ లెక్క అక్కర్లేదా?

రంగుకూ సీట్లకూ వేలకు వేలు పోసి, వాల్వు దగ్గర బేరమాడటం ఏం న్యాయం?

పిల్లలను ఎక్కించే ముందు ఖాళీ మైదానంలో, వెనక సీటు ఖాళీగా ఒకసారి, నిండుగా ఒకసారి, మెల్లని వేగంతో మొదలుపెట్టి గట్టిగా తొక్కి చూపించండి. ఏ చక్రం ముందు బిగుస్తుందో బయట నిలబడి ఒకరు చూడాలి. చూపించలేని బండిని మన సంఘం ఊరేగింపులో చేర్చకూడదు. ఇది మా మాట. కాదనేవాళ్లు కారణం చెప్పండి.